ఇంజిన్ దించకుండా క్యామ్‌షాఫ్ట్ మార్చడం

క్యామ్‌షాఫ్ట్ అంటే వాల్వులు తెరిచే షాఫ్ట్. చైన్‌తో నడిచే డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్ (హెడ్ మీద రెండేసి క్యామ్‌షాఫ్టులుండే) ఇంజిన్లలో చాలావాటికి దీన్ని మార్చడానికి హెడ్, అంటే సిలిండర్ల పైమూత, కూడా కదపక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, వాల్వ్ కవర్ విప్పండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది షాఫ్ట్) బోల్టు తిప్పి 1వ సిలిండర్‌ని కంప్రెషన్ టాప్‌కి, అంటే వాల్వులు మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటికి, తెండి. చైన్ లింకుకీ, అది ఎక్కే పళ్ల చక్రానికీ (స్ప్రాకెట్) పెయింట్ గుర్తు పెట్టండి. చైన్ దిగే గుంతలో గుడ్డ కుక్కండి. అందులో బోల్టు జారితే ఫ్రంట్ కవర్ విప్పాల్సిందే.

స్ప్రాకెట్ బోల్టు వదులు చేసేటప్పుడు షాఫ్ట్‌ని దాని ఆరుపలకల చోటే స్పానర్‌తో పట్టాలి. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ తీసి, చైన్‌ని స్ప్రాకెట్ నుంచి తప్పించి తీగతో పైకి కట్టండి. ఇక క్రాంక్ ముట్టుకోవద్దు.

షాఫ్ట్‌ని హెడ్‌కి పట్టి ఉంచే క్యాపుల దగ్గరే అసలు జాగ్రత్త. చివర్ల నుంచి మధ్యకి, ఒక్కో బోల్టు అర చుట్టు చొప్పున వదలాలి. ఒకవైపే విప్పేస్తే స్ప్రింగుల ఒత్తిడికి షాఫ్ట్ పుటుక్కున విరగొచ్చు. క్యాపుల మీద నంబరు, బాణం ఉంటాయి. హెడ్‌తో కలిపి బోర్ చేసినవి కాబట్టి తారుమారైతే షాఫ్ట్ పట్టేస్తుంది. వాల్వుల మీద కూర్చునే కప్పుల్లాంటి బకెట్ల వరుసా చెదరనీయొద్దు. గీతలు పడ్డ పాత బకెట్ కొత్త లోబ్‌ని (బకెట్‌ని నొక్కే షాఫ్ట్ ఉబ్బుని) తినేస్తుంది.

కొత్త షాఫ్ట్‌కి అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు పూసే చిక్కటి నూనె) పూసి, క్యాపుల బోల్టులు మధ్య నుంచి చివర్లకి బిగించండి. మాన్యువల్ చెప్పిన టార్క్ (బిగింపు బలం) దాటితే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. పెయింట్ గుర్తులు కలిసేలా చైన్‌ని స్ప్రాకెట్ మీద ఎక్కించి, టెన్షనర్ పెట్టాక క్రాంక్‌ని చేత్తో 2 చుట్లు తిప్పండి. మధ్యలో అడ్డు తగిలితే ఆపేయండి, వాల్వ్ పిస్టన్‌కి తగులుతూ ఉండొచ్చు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు)తో లోబ్‌కీ బకెట్‌కీ మధ్య క్లియరెన్స్ చూశాకే కవర్ వేయండి.