స్టాప్‌మోషన్ డైనోసార్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

బొమ్మను కొద్ది కొద్దిగా కదుపుతూ ఒక్కో ఫ్రేము ఫోటో తీసి, వరసగా ప్లే చేసి నడిపించడమే స్టాప్‌మోషన్. తెర మీద ఏ లోపం కనిపించినా అందరి చెయ్యీ ముందు బొమ్మ తోలు మీదికే పోతుంది. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. పాదం కింద బోల్టులోనో, లోపలి తీగలోనో, గదిలోని కరెంటులోనో ఉంటుంది. కాబట్టి కింది నుంచి పైకి వెతకండి: పాదాలు, కీళ్లు, కండ, తోలు, చివరికి లైటు, కెమెరా.

ఉదాహరణకు మన పొడవు మెడ డైనోసార్ కోటసారస్‌నే తీసుకుందాం. యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికిన ఈ జంతువు అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం పొడవు సుమారు 14 మీటర్లు. ఇరవయ్యో వంతు కొలతలో చేస్తే 70 సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు కాళ్ల మీద నడుస్తుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకు ఇదే మేలు. టీరెక్స్ మీద మోజు అందరికీ ఉంటుంది కానీ, అది అడుగు తీసిన ప్రతిసారీ బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది. పైగా కోటసారస్ పుర్రె పూర్తిగా దొరకలేదు. ముఖం మీరెలా చెక్కినా తప్పుపట్టడం కష్టం.

పాదం జారుతోంది, అడుగు తీస్తే ఒళ్లంతా కదులుతోంది

పాదాన్ని నేలకు బిగించకపోతే ఇంతే. డబుల్ టేప్, జిగురు మట్టి రెండు మూడు ఫ్రేముల ముచ్చట. పాదం లోపల 4 మి.మీ. నట్టును ఎం-సీల్‌లో (కలిపాక రాయిలా గట్టిపడే ముద్ద) పాతి, సెట్ కింద నుంచి బోల్టు బిగించండి. 12 మి.మీ. ప్లైవుడ్ బల్ల సరిపోతుంది, కాకపోతే దాని కిందికి చెయ్యి దూరాలి. అడుగు పడే చోటల్లా బెజ్జం వేసి, వాడని బెజ్జాలను సెట్ రంగు మట్టితో పూడ్చండి. మూడు కాళ్లు బిగించి ఉన్నప్పుడే నాలుగోది వదులు చేయాలి. నట్లు, బోల్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే ఏ సైజైనా దొరుకుతుంది.

మెడ వాలిపోతోంది

రాత్రి సరిగ్గా పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తల దించేసి ఉంటుంది. మందం తీగ వేస్తే పోతుందనుకుంటారు. మందం తీగ వంగదు. బలవంతంగా వంచితే ఆ ఒత్తిడి భుజాల మీదుగా కాళ్లకు దిగి, బిగించిన పాదాన్ని పెకలిస్తుంది. అసలు కారణం తల బరువు. మెడ ఎంత పొడవైతే అదే తల భుజం దగ్గరి తీగను అంత గట్టిగా లాగుతుంది. అందుకే ముందు తలను తేలిక చేయండి: థర్మోకోల్ చెక్కి, పైన ఎం-సీల్ పల్చగా పట్టించండి. ఆ తర్వాత మెడకు భుజం దగ్గర నాలుగు పోగులు, మధ్యలో మూడు, తల దగ్గర రెండు ఉండేలా పురి పెట్టండి. పోగుల కొసలు డ్రిల్ మిషన్‌కు తగిలించి మెల్లగా తిప్పితే పురి సమంగా పడుతుంది. తోకకూ ఇదే లెక్క. షాట్ మధ్యలో ఆపాల్సి వస్తే తల కింద ఊత పెట్టండి. మళ్లీ మొదలుపెట్టే ముందు చివరి ఫ్రేముతో పోల్చి చూసుకోండి.

మోకాలు ఉన్నట్టుండి వదులైంది

లోపల తీగ తెగింది. ఏ లోహమైనా ఒకేచోట పదేపదే వంచితే విరుగుతుంది. కటింగ్ ప్లేయర్ పళ్ల గాటు పడిన చోట ఇంకా తొందరగా విరుగుతుంది. గట్టి ఉక్కు తీగ వంచిన చోట నిలవదు, వెనక్కి తన్నుతుంది. ఇంటి వైరింగ్‌లో మిగిలిన రాగి తీగ జోలికి అసలు పోకండి. వంచేకొద్దీ అది బిరుసెక్కుతుంది, పైగా రాగి తగిలితే బొమ్మ తోలుకు వాడే లేటెక్స్ రబ్బరు పాడైపోతుంది. మెత్తని అల్యూమినియం తీగే వాడండి. ఎముక వచ్చే చోట ఎం-సీల్ పట్టించి, కీలు దగ్గర తీగను కాస్త పొడవుగానే ఖాళీ వదలండి. మరీ ఇరుకైతే వంపంతా ఒకే బిందువు మీద పడుతుంది.

కాలు ఎప్పటికైనా తెగేదే, కాబట్టి మార్చుకునేలా కట్టండి. నడుము దిమ్మెలో చదరపు గొట్టం ముక్క పాతి, కాలి తీగ అందులోకి దూర్చి, పక్క నుంచి చిన్న స్క్రూ బిగిస్తే చాలు. బాలానగర్ లేత్ షాపుల్లో డ్రాయింగ్ ఇచ్చి గుండు కీళ్లు చేయించుకోవచ్చు కానీ, స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌కు అంత ఖర్చు దండగ.

ఒళ్లు మెత్తబడి వేలిముద్రలు పడుతున్నాయి

నూనె మట్టితో చేసిన బొమ్మ, మే నెల, డాబా మీది గది. కారణం వేరే వెతకక్కర్లేదు. హాలోజన్ తీసేసి ఎల్ఈడీ పెట్టండి, రాత్రిపూట తీయండి. కూలర్ గాలి సెట్‌కు తగలనివ్వకండి. అసలైతే మట్టి కండలే వద్దు. హాలీవుడ్ సినిమాలకు డైనోసార్ బొమ్మలు చేసిన మార్సెల్ డెల్గాడో 1920లలోనే లోహపు అస్థిపంజరం మీద స్పాంజి, పత్తి పేర్చి పైన రబ్బరు తోలు కప్పేవాడు. ఈ పద్ధతికి మన పరుపుల దుకాణంలో మిగిలిన ఫోమ్ ముక్కలు చాలు.

తోలు పగులుతోంది, ముడతలు అంటుకుపోతున్నాయి

ఆరిన లేటెక్స్ మీద ఉత్త యాక్రిలిక్ రంగు మందంగా వేస్తే, తోలు సాగినప్పుడు రంగు సాగలేక పగులుతుంది. రంగును లేటెక్స్‌లోనే కలిపి పల్చటి పూతలుగా వేయండి. వానాకాలంలో పూత ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, తొందరపడకండి. ఆరాక టాల్కమ్ పౌడరు అద్దితే అంటుకోదు. నూనె చేతులతో ముట్టుకోవద్దు.

లేటెక్స్ బదులు అచ్చులో పోసిన ప్లాటినం సిలికోన్ (రబ్బరులా గట్టిపడే ద్రవం) జిగటగానే ఉండిపోతే అనుమానించాల్సింది గంధకం ఉన్న మట్టిని, లేటెక్స్ గ్లవ్స్‌ను. రెండూ మార్చండి.

వెలుతురు మినుకుమంటోంది

బొమ్మకు సంబంధం లేకపోయినా తిట్లు దానికే పడతాయి. కిటికీలు మూసి నల్ల గుడ్డ కట్టండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్‌లో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక మామూలు బల్బు సెకనుకు వందసార్లు వెలుగు మారుస్తుంది. షట్టర్‌ను అర సెకను దాకా తెరిచి ఉంచితే ఆ తేడా కనబడదు. అయినా తగ్గకపోతే లెన్సును చూడండి. అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ప్రతి ఫోటోకూ మూసుకుని తెరుచుకుంటూ కొద్ది కొద్దిగా తేడా పడుతుంది. చేత్తో అపెర్చర్ తిప్పే పాత లెన్సుతో ఈ బెడద ఉండదు. ఇక, ముదురు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా మీద పడిన వెలుగు కూడా బొమ్మ మీదికి వెళ్తుంది.

ఎంత చేసినా ఆటబొమ్మలాగే ఉంది

కెమెరా పైనుంచి చూస్తోంది, వెనక అంతా మసకగా ఉంది, జంతువు పరుగులు తీస్తోంది. కెమెరాను నేలకు దించి, అపెర్చర్‌ను ఎఫ్16 దాకా మూయండి. సెకనుకు 12 ఫ్రేముల లెక్కన తీస్తుంటే ఒక్కో అడుగుకు కనీసం 18 కేటాయించండి. అడుగు మొదట్లోనూ చివర్లోనూ కదలిక చిన్నదిగా, మధ్యలో పెద్దదిగా ఉండాలి. పాదం ఆనాక ఒళ్లు ఇంకొంచెం కిందికి దిగాలి, బరువు తెలిసేది అక్కడే.

ఆకులు వాటంతటవే పాకుతున్నాయి

కోసిన ఆకులు లైట్ల కింద గంట గంటకూ వాడిపోతుంటాయి. ప్లే చేస్తే అది కదలికలా కనిపిస్తుంది. బేగంబజార్ ప్లాస్టిక్ ఆకులు తెచ్చుకోండి, ఫెర్న్, సైకస్ రకాలు మాత్రమే. కోటసారస్ కాలంలో గడ్డి లేదు, పూలూ లేవు. ఆ ప్లాస్టిక్ మరీ మెరుస్తుంది, వాడే ముందు మట్టి రంగు ఒక పూత వేయండి.