గొంతు రికార్డింగ్‌కి బీరువా, రెండు బొంతలు

ఇన్నాళ్లూ పెళ్లి కచేరీల్లో కీబోర్డు వాయించాను. ఈమధ్య సొంతంగా పాప్ పాటలు చేద్దామని చిక్కడపల్లిలో మా పడగ్గదిలోనే రికార్డింగ్ మొదలుపెట్టాను. ఏం పాడినా బాత్రూంలో పాడినట్టు గింగురుమనేది. గోడలకు అంటించే ఫోమ్ షీట్లు కొనకుండానే అది చాలావరకు తగ్గింది.

బట్టలతో నిండిన బీరువా తలుపులు రెండూ బార్లా తెరవండి. మాది స్టీలు బీరువా, తలుపులే మోగుతాయి. అందుకే చెరో బొంత పైనుంచి కింది దాకా వేలాడదీశాను. పల్చటి దుప్పట్లు వేసి చూశాను, పెద్దగా తేడా రాలేదు. బట్టలవైపు వీపు పెట్టి, ఆ తలుపుల మధ్య నిలబడి పాడాలి. మామూలు కార్డియాయిడ్ మైక్ తన ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి, మెత్తటి సరుకు మన వెనకే ఉండాలి. నేను మొదట్లో మైక్ వెనక కట్టి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

మైక్ నోటికి ఒక జాన దూరంలో, కాస్త పక్కకి ఉంటే 'ప', 'బ' అక్షరాల దగ్గర గాలి కొట్టదు. గట్టిగా పాడే చోట రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీటర్‌లో లెవల్ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఫ్యాన్ ఆపాల్సిందే.

ఒక్క జాగ్రత్త: బొంతలు గది మోతనే తగ్గిస్తాయి. ఆటో హారన్లు, పక్కింటి కుక్కర్ విజిళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. నేను రాత్రి 11 దాటాకే పాడుతున్నాను. డోలక్ లాంటి వాటి మంద్రమైన (బేస్) శబ్దాలకు కూడా ఇది పనిచేయదు.