నవల మొదటి వాక్యం కుదరాలంటే

వారపత్రికల నవలల పోటీలకి వచ్చే రాతప్రతుల్ని తొలి వడపోతలో చదివే పని చాలాకాలం చేశాను. ఇప్పుడా పని లేదు గానీ, ఎవరో ఒకరు వాట్సాప్‌లో మొదటి అధ్యాయం పంపి "ఒక్కసారి చూడండి మేడం" అంటూనే ఉంటారు. చూస్తాను. హీరో అలారం మోతకి లేచి బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటాడు. లేదంటే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదకి వచ్చి ఆగుతుంది. ఆ రెండూ కాకపోతే బయట కుండపోత వాన. భాషకి వంక పెట్టడానికేమీ ఉండదు. చదివినవాళ్లకి అడగడానికి ఏమీ మిగలదు, అదే చిక్కు.

లోకమంతా చదివిన పెద్ద నవలల మొదటి వాక్యాలు చూడండి. వాటిలో చాలామటుకు మన నోట ఒక ఫలానా ప్రశ్న పలికిస్తాయి. ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడ ఇవ్వాలో కూడా రచయితకి ముందే తెలుసు. ఇది నేర్చుకోవడానికి నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది, కాస్త ఓపిక కావాలి.

ఇంట్లో ఉన్న మంచి నవల ఒకటి తీయండి. నెట్‌లో దొరికే "వంద గొప్ప మొదటి వాక్యాలు" లాంటి జాబితాలు దీనికి పనికిరావు, ఎందుకంటే వాటిలో రెండో వాక్యం ఉండదు. మొదటి వాక్యాన్ని చేత్తో నోట్‌బుక్‌లో రాసుకుని పుస్తకం మూసేయండి. ఆ వాక్యం చదవగానే మీకు ఏయే ప్రశ్నలు వచ్చాయో కింద రాయండి. తర్వాత నవల చదువుతూ, ఏ ప్రశ్నకి ఏ పేజీలో జవాబు దొరికిందో ఆ పేజీ నంబరు పక్కన వేసుకోండి. అసలు పాఠమంతా ఆ పేజీ నంబర్లలోనే ఉంటుంది.

గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ నవల 'వందేళ్ల ఏకాంతం' తీసుకుందాం. 1967లో బ్యూనస్ ఎయిర్స్‌లో స్పానిష్‌లో అచ్చయింది. మొదటి వాక్యం సుమారుగా ఇలా ఉంటుంది: చాలా ఏళ్ల తర్వాత, కాల్చడానికి తుపాకులు ఎక్కుపెట్టిన సైనికుల ఎదుట నిలబడినప్పుడు, కల్నల్ ఔరేలియానో బుయెందియాకి, వాళ్ల నాన్న తనకి మంచుగడ్డ చూపించడానికి తీసుకెళ్లిన ఆ ఎప్పటిదో మధ్యాహ్నం గుర్తుకు రాబోతోంది.

నోట్‌బుక్‌లో ఏం రాస్తారు? ఇతన్ని ఎందుకు కాలుస్తున్నారు? చనిపోయాడా? మంచుగడ్డని వింతగా చూపించడమేంటి, అదేం ఊరు? కనీసం మూడు ప్రశ్నలు. ఇప్పుడు పేజీలు తిప్పండి. మంచుగడ్డ సంగతి మొదటి అధ్యాయం చివర్లోనే తేలిపోతుంది. దేశదిమ్మరుల గుడారంలో ఒక భారీకాయుడు పెట్టె మూత తీస్తాడు. ముట్టుకోవాలంటే విడిగా డబ్బు కట్టాలి, తండ్రి కడతాడు. పిల్లాడు చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకుని "మరిగిపోతోంది" అంటాడు. తండ్రి మాత్రం మంచు మీద అరచెయ్యి ఆనించి, ఇది మన కాలపు మహా ఆవిష్కరణ అని ప్రమాణం చేసినంత గంభీరంగా ప్రకటిస్తాడు. ఇక తుపాకుల సంగతి? దాని కోసం వంద పేజీల పైమాటే ఆగాలి. అక్కడ ఏమవుతుందో నేను చెప్పను, చదివినవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటుంటారు.

అంటే చిన్న అప్పు నెల తిరక్కుండా తీర్చేశాడు, పెద్ద బాకీ ఏళ్ల తరబడి నాన్చాడు. చిన్నది తీర్చాడు కాబట్టి పెద్దదాని మీద నమ్మకంతో మనం కూర్చుంటాం. కొత్తగా రాసేవాళ్లు మొదటి వాక్యంలో హత్య పెట్టి, దాని ఊసు ఇరవయ్యో అధ్యాయం దాకా ఎత్తరు. మధ్యలో చిన్న జవాబొక్కటీ ఇవ్వరు. పాఠకుడు అంతసేపు ఆగడు.

మార్కెజ్ కూడా ఊరికే పుట్టుకతో నేర్చుకురాలేదు. చదువుకునే రోజుల్లో కాఫ్కా 'రూపాంతరం' మొదటి వాక్యం చదివి మంచం మీద నుంచి పడినంత పనైందట. ఒకతను పొద్దున్నే లేచేసరికి పెద్ద పురుగుగా మారి ఉంటాడు, అదీ ఆ వాక్యం. ఇలా రాయడానికి ఒప్పుకుంటారని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేవాణ్ణి అని తర్వాత ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. గమనించారా, అక్కడా నిద్రలేవడమే! అలారం మోతకి లేచే మన హీరోకి లేనిదల్లా ఆ పురుగు.

ప్రశ్న ఎలా పుట్టించాలన్నది తెలిశాక, వాక్యంలో దాన్ని ఎక్కడ పెట్టాలన్నది చూడాలి. దీనికి జార్జ్ ఆర్వెల్‌ని మించిన మాస్టారు లేడు. 1949లో వచ్చిన '1984' ఇలా మొదలవుతుంది: ఏప్రిల్ నెలలో ఎండ కాస్తూనే చలిగా ఉన్న ఒక రోజు, గడియారాలు పదమూడు కొడుతున్నాయి. ఆయన చిత్తుప్రతి కొంతవరకు మిగిలింది, దాన్ని అచ్చు కూడా వేశారు. అందులో ఈ వాక్యం వేరేగా ఉంది. ఈదురుగాలి వీస్తున్న చలి రోజు, పది లక్షల రేడియోలు పదమూడు కొడుతున్నాయి అని మొదట రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పది లక్షల రేడియోలు అనగానే పాఠకుడు ఏదో వింత లోకంలోకి వచ్చామని ముందే సిద్ధపడిపోతాడు. పదమూడు అన్న మాట వచ్చేసరికి దాని పస సగం పోతుంది. గడియారాలైతే అందరి ఇళ్లలోనూ ఉండేవే. వాతావరణం మామూలుది, నెల మామూలుది, గడియారం మామూలుది, తేడా ఒక్క అంకెలోనే. మన రైల్వే టైంటేబుల్లో పదమూడు గంటలు వింతేమీ కాదు నిజమే, కానీ గంట కొట్టే గోడ గడియారం పన్నెండు దాటి కొట్టదు కదా.

మీ వాక్యంలోనూ వింత ఒక్కటే ఉంచండి, దాన్ని చివరికి నెట్టండి. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి ఆ వింత సరిగ్గా క్రియకి ముందు కూర్చోవాలి. "పదమూడు గంటలు కొడుతున్న గడియారాల మధ్య ఆ చల్లని ఏప్రిల్ రోజు గడుస్తోంది" అని రాస్తే అవే మాటలు, చప్పగా చల్లారిపోయి ఉంటాయి.

వానతో మొదలుపెట్టకూడదా అని అడుగుతారు. ఎడ్వర్డ్ బుల్వర్ లిటన్ 1830లో రాసిన 'పాల్ క్లిఫర్డ్' నవల "అది చీకటి, తుఫాను రాత్రి" అని మొదలవుతుంది. ఆ వాక్యం ఎంత నవ్వులపాలైందంటే, అత్యంత చెత్త మొదటి వాక్యం రాసినవాళ్లకి బహుమతి ఇచ్చే పోటీని అమెరికాలోని సాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో 1982లో ఆయన పేరు మీదే మొదలుపెట్టారు. పాపం, కత్తి కన్నా కలం గొప్పదన్న మాట కూడా ఆయన నాటకంలోదే, అది ఎవరికీ గుర్తుండదు. నా ఉద్దేశంలో ఆ మొదటి ముక్కలో తప్పు లేదు. వాన జోరు, మధ్యమధ్య గాలి విసురు, బ్రాకెట్లో "మన కథ జరిగేది లండన్‌లో లెండి" అని ఒక చేర్పు, ఇంటి కప్పుల చప్పుడు, దీపాల రెపరెపలు, అన్నీ ఒకే వాక్యంలో కుక్కాడు. మనిషి ఒక్కడూ లేడు. వాన పెట్టుకోండి, కానీ ఆ వాన ఎవరికో ఏదో చెయ్యాలి. ఆరబోసిన మిరపకాయలు తడవాలి, పెళ్లివారి కారు వాగు అవతల ఆగిపోవాలి.

సూక్తితో మొదలుపెట్టడం మనవాళ్లకి మహా ఇష్టం. "జీవితం ఒక ప్రయాణం" అని మొదలయ్యే రాతప్రతి చూస్తే నాకు నీరసం వస్తుంది. దీనికి అందరూ చూపించే సాక్ష్యం టాల్‌స్టాయ్. సుఖంగా ఉన్న కుటుంబాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, బాధల్లో ఉన్న ప్రతి కుటుంబం బాధా వేరు అని 'అన్నా కరెనీనా' మొదలవుతుంది. ఒప్పుకుంటాను, కానీ ఆ తర్వాతి పేరా కూడా చదవాలి. అబ్లాన్‌స్కీ గారిల్లు అల్లకల్లోలంగా ఉంది. ఇంట్లో ఒకప్పుడు పిల్లలకి చదువు చెప్పిన ఫ్రెంచి ఆవిడతో భర్తకి సంబంధం ఉందని భార్యకి తెలిసిపోయింది. ఈ గొడవ మొదలై మూడో రోజు. పిల్లలు పట్టించుకునేవాళ్లు లేక ఇల్లంతా పరుగులు పెడుతున్నారు. ఇంగ్లీషు టీచరమ్మ వేరే ఉద్యోగం చూసిపెట్టమని స్నేహితురాలికి ఉత్తరం రాసింది. వంటవాడు నిన్న సరిగ్గా భోజనాల వేళకే వెళ్లిపోయాడు. వంటపనిలో సాయం చేసే మనిషి, బండివాడు లెక్క చూసి పంపించమంటున్నారు. సూక్తి ఒక్క వాక్యం, దానికి రుజువుగా ఇల్లంతా తెచ్చి ముందు పడేశాడు.

జేన్ ఆస్టిన్ దారి వేరు. 1813 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మొదటి వాక్యం, డబ్బున్న బ్రహ్మచారికి భార్య కావాల్సే ఉంటుందన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యమని గంభీరంగా చెబుతుంది. రెండో వాక్యానికల్లా, అతని మనసులో ఏముందో ఎవరికీ పట్టదని, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అతన్ని తమ అమ్మాయిల్లో ఎవరో ఒకరి సొత్తుగా లెక్కేసేసుకుంటారని తేలుతుంది. భార్య కావలసింది అతనికా, అల్లుడు కావలసింది వాళ్లకా? మన సంబంధాలు చూసే పెద్దమ్మలకి ఈ వాక్యం విడమర్చి చెప్పక్కర్లేదు. మీ దగ్గర ఇంటి నిండా సాక్ష్యమో, రెండో వాక్యంలో మెలికో లేకపోతే సూక్తి జోలికి పోవద్దు.

ఇక అసలు పని. మొదటి వాక్యాన్ని మొదటే రాయాలన్న పట్టుదల వదిలేయండి. మార్గరెట్ మిచెల్ 'గాన్ విత్ ది విండ్' చివరి అధ్యాయం ముందు రాసింది. 1935లో అట్లాంటాలో పబ్లిషర్ చేతికి రాతప్రతి ఇచ్చేనాటికి మొదటి అధ్యాయం ఒక కొలిక్కి రానేలేదు, హీరోయిన్ పేరు కూడా స్కార్లెట్ కాదు, పాన్సీ. మరుసటి ఏడాది పుస్తకం వచ్చాక, స్కార్లెట్ అందగత్తేమీ కాదు అని మొదలయ్యే ఆ వాక్యం అంత ధీమాగా ఎలా ఉందంటే, ఆ అమ్మాయి ఎక్కడికి చేరుతుందో రచయిత్రికి అప్పటికే తెలుసు కాబట్టి.

ఇ.బి. వైట్ 1952లో పిల్లల కోసం రాసిన 'షార్లట్స్ వెబ్' అయితే రకరకాల మొదళ్లు మార్చుకుంది. ఒక చిత్తులో సాలెపురుగుతో, ఇంకో చిత్తులో పశువుల కొట్టం వర్ణనతో ఎత్తుకున్నాడు. చివరికి మిగిలింది, టిఫిన్‌కి బల్ల సర్దుతూ ఒక చిన్నపిల్ల వాళ్లమ్మని అడిగే మాట: "నాన్న ఆ గొడ్డలి పట్టుకుని ఎక్కడికెళ్తున్నాడు?" కొట్టం వర్ణన పారేయలేదు, మూడో అధ్యాయం మొదట్లోకి జరిపాడు. ఆ గొడ్డలి భయం చూసొచ్చాక కొట్టంలో ఎండుగడ్డి వాసన గురించి ఎంత చెప్పినా హాయిగా చదువుతాం.

మీ రాతప్రతి మీద ఇదే చేయండి. పెన్సిల్ పట్టుకుని మొదటి నాలుగైదు పేజీలు ఎవరో పరాయివాళ్లు రాసినట్టు చదవండి. "తర్వాత?" అని మీకే అనిపించిన మొదటి వాక్యం కింద గీత గీయండి. ఈమధ్య ఒకావిడ పంపిన నవల ఇలా మొదలైంది: "ఆ రోజు ఆదివారం. ఉదయం ఏడు గంటలు. సుజాత కిటికీ తలుపులు తెరవగానే చల్లగాలి ఆమె ముంగురులతో ఆడుకుంది." కాఫీ అయింది, పేపరు అయింది, భర్త స్నానానికెళ్లాడు. నాలుగో పేజీలో, పేరా మధ్యలో, ఇది దొరికింది: "పెళ్లిలో పెట్టిన బంగారంలో సగం ఏ బ్యాంకులో ఉందో అత్తగారికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు." నా పెన్సిల్ అక్కడ ఆగిపోయింది. దాన్ని పైకి తెచ్చి, వెనకాలే అత్తగారు "శ్రావణ శుక్రవారం పూట మెడ బోసిగా ఉందేంటమ్మా" అనే ముక్క పెట్టమన్నాను. ఆదివారం పోయింది, ముంగురులు పోయాయి. కాఫీ మాత్రం ఉంది, ఇప్పుడు ఆ కాఫీ కలుపుతుంటే చెయ్యి వణుకుతుంది.

చెక్కుడికి కూడా హద్దుండాలి. కామూ 'ప్లేగు' నవలలో గ్రాండ్ అనే గుమాస్తా ఉంటాడు. చదవగానే పబ్లిషర్ లేచి నిలబడి టోపీ తీయాలని అతని కోరిక. అందుకని మే నెల ఉదయం గుర్రం మీద వెళ్తున్న ఒక స్త్రీ గురించిన ఒకే ఒక్క వాక్యాన్ని ఏళ్ల తరబడి మారుస్తూ ఉంటాడు, రెండో వాక్యం దాకా పోడు. చివరికి విశేషణాలన్నీ కొట్టేశానని సంతోషంగా చెబుతాడు. మీరు ఆ పని మొదటి వారంలోనే చేసేయండి.

తేల్చుకోవడానికి, వాక్యాన్ని ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించండి. "బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. "దీని తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని అడగండి. ఎదుటి మనిషి ఏదో ఒకటి ఊహించి చెబితే, అది మీ కథ కాకపోయినా సరే, వాక్యం పనిచేసినట్టే. "ఏమో, ఏదైనా జరగొచ్చు" అంటే మళ్లీ పెన్సిల్ తీయండి.

ఒక్క సంగతి మర్చిపోయేదాన్ని. 'మోబీ డిక్' మొదటి వాక్యం అంటే అందరూ "నన్ను ఇష్మాయిల్ అని పిలవండి" అంటారు గానీ, 1851 నాటి ఆ పుస్తకంలో దానికి ముందు తిమింగలం అన్న పదం పుట్టుపూర్వోత్తరాలు, పేజీలకి పేజీలు పాత పుస్తకాల్లోని ఉల్లేఖనలు ఉంటాయి. మెల్విల్ కాబట్టి చెల్లింది. మన నవలల్లో అంకితం, ముందుమాట, మరో ముందుమాట, ఆప్తవాక్యం, నా మాట దాటేసరికి పాఠకుడికి ఓపిక అయిపోతుంది. ఒక ముందుమాటలో అయితే ముగింపు కూడా చెప్పేశారు. అవన్నీ పుస్తకం చివరికి పంపండి. అచ్చు ఖర్చు పెట్టుకున్న మావయ్య పేరు అక్కడైనా అంతే స్పష్టంగా కనిపిస్తుంది.