చూపు తిరిగి రాదన్నాక: పిల్లల కోసం ఎవరిని, ఏమని అడగాలి

విజయనగరం జిల్లా రాజాంలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా దీపాలు పెట్టే వేళకి గుమ్మాలు తట్టుకుని పడిపోయేది. రేచీకటి అనుకుని ఆకుకూరలు, బొప్పాయి తెగ తినిపించాం. అది రెటినైటిస్ పిగ్మెంటోజా అని తేలేసరికి ఏడాది గడిచింది. కంటి వెనక పొర కొద్దికొద్దిగా పాడయ్యే జబ్బు ఇది. ముందు రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్క చూపు తగ్గుతుంది, చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమి చూపే మిగులుతుంది. ఆ తర్వాత మూడేళ్లు చుక్కల మందులని, పసర్లని, నయం చేస్తామన్న ప్రతి చోటికీ తిప్పాను. మా ఆవిడ గాజులు అలాగే పోయాయి. ఈ జబ్బుకి 2017లో అమెరికాలో ఒక జన్యు చికిత్సకి అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే పనికొస్తుంది. మిగతావాళ్లకి నయం చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ డబ్బుతో చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి.

విశాఖ హనుమంతవాక జంక్షన్ దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి ఎన్. రావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సంస్థకి ఇది శాఖ, లాభం కోసం నడిచేది కాదు. విజయనగరం మీదుగా బస్సులో వెళ్లేవాళ్లు ఆర్టీసీ కాంప్లెక్సు దాకా పోనక్కర్లేదు, మధురవాడ దాటాక హనుమంతవాకలో దిగిపోవచ్చు. అక్కడ డాక్టరు గారు “మందు లేదు” అనగానే లేచి వచ్చేయకండి. “లో విజన్, రీహాబిలిటేషన్ విభాగానికి రాసివ్వండి” అని అడగండి. ఆ విభాగంలో సేవలకి ఫీజు తీసుకోరు. మిగిలి ఉన్న చూపు ఎంతో కొలుస్తారు. భూతద్దాలు, రంగు కళ్లద్దాలు పెట్టి చూస్తారు. కర్రతో నడవడం, ఫోను వాడటం నేర్పిస్తారు. ఒక రోజంతా చేతిలో ఉంచుకుని వెళ్లండి. పిల్ల చదివే పుస్తకం, రాసే నోట్సు, వాడే ఫోను వెంట ఉండాలి. భూతద్దం సరిపోయిందో లేదో తెలియాలంటే ఆసుపత్రి చార్టు చదివితే చాలదు, తన పాఠం తను చదివి చూడాలి.

అక్కడ ఒక మేడమ్ మా అమ్మాయిని అడిగారు: “రోజూ నీకు ఏ పని కష్టంగా ఉందమ్మా?” నాలుగేళ్లలో నేను ఆ ప్రశ్న వేయలేదు. బోర్డు కనపడక ఇబ్బంది పడుతోందని మేమంతా అనుకున్నాం. అమ్మాయి చెప్పింది వేరు. నోట్సులో గీతలు లేతగా ఉండి వరస తప్పుతోందట. రాత్రి పెరట్లోకి వెళ్లడానికి తల్లిని లేపాలంటే సిగ్గుగా ఉందట. పెళ్లిళ్లలో ఎవరు పలకరించారో తెలియక ఊరికే నవ్వేస్తోందట. ఆ మూడూ అదే రోజు కాగితం మీద రాసుకున్నాం. మీరూ ముందు ఆ పని చేయండి, పిల్ల చేతే చెప్పించండి. ఏ సంస్థ దగ్గరికి వెళ్లినా మీ చేతిలో ఉండాల్సింది ఆ చీటీ.

ఇక కాగితాలు. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ లేకుండా ఏ పనీ జరగదు. ఊరి సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు తీసుకోవాలి. మాకు మొదటిసారి నలభై శాతం కన్నా తక్కువ రాసిచ్చారు, ఎందుకంటే చార్టులో అక్షరాలు బాగానే చదివింది. పక్క చూపు ఎవరూ కొలవలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది: మెరుగైన కంట్లో చూపు పరిధి 40 డిగ్రీల కన్నా తక్కువుంటే అల్పదృష్టి, 10 డిగ్రీల కన్నా తక్కువుంటే అంధత్వం. కాబట్టి సదరానికి వెళ్లే ముందే ‘విజువల్ ఫీల్డ్’ పరీక్ష చేయించి, రిపోర్టు చేతిలో పెట్టుకుని, “ఇది కూడా చూడండి సార్” అని అడగండి. రెండోసారి మేం అలాగే చేశాం. ఆ తర్వాత యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి మారింది కదా, పాత జిల్లా పేరుతో ఉన్న కాగితాలు ఉంటే ముందే సరిచేయించుకోండి.

వైకల్యం నలభై శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 2024 జూలై నుంచి నెలకి 6,000 రూపాయలు. దాన్ని ఇంటి సరుకుల్లో కలిపేయకండి. మేం అమ్మాయి పేరున ఖాతా తెరిచి సగం అందులో వేస్తాం, మిగతా సగం తన ఫోను రీఛార్జికి, ప్రయాణాలకి. తొమ్మిది, పది తరగతులకీ, ఇంటర్ నుంచి పై చదువులకీ కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పులు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటాయి. గడువు తేదీ దాటనివ్వకండి.

దాతల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1925లో చూపు, వినికిడి రెండూ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ అనే సేవా క్లబ్బుల మహాసభలో మాట్లాడుతూ అంధుల పక్షాన నిలబడమని వాళ్లని కోరింది. అప్పట్నుంచి కంటి పనిని ఆ క్లబ్బులు తమ సొంత పనిలా చూస్తున్నాయి. మన రెండు జిల్లాల్లోనూ లయన్స్ ఉన్నారు, రెడ్ క్రాస్ ఉంది. వాళ్ల దగ్గరికి వెళ్లి “మా పిల్లకి ఏదైనా సాయం చేయండి బాబూ” అంటే దుప్పటో, పళ్లో ఇచ్చి పంపుతారు. తప్పు వాళ్లది కాదు, మనం అడిగింది అదే. నేను మొదట అలాగే అడిగాను, రెండు చీరలు ఇచ్చారు. రెండోసారి ఒక పేజీ రాసుకెళ్లాను: పలానా భూతద్దం, పలానా కొలత, ఆసుపత్రి చీటీ ఇదిగో, ధర ఇంత, నేను ఇంత పెట్టుకోగలను, మిగతాది మీరు నేరుగా దుకాణానికే కట్టండి. వారంలో వచ్చింది. ఆ ఏడాది మార్కుల కాగితం జిరాక్సు తీసి వాళ్లకి ఇచ్చి వచ్చాను. మరుసటి ఏడాది వాళ్లే కబురు చేశారు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. వస్తువు ఇస్తూ ఫొటో తీసి పేపర్లో వేస్తామంటే ముందు పిల్లని అడగమనండి. తను వద్దంటే వద్దే. మా అమ్మాయి వద్దంది, వాళ్లు పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

ఇక బడి సంగతి. మండలానికి ఒక భవిత కేంద్రం ఉంటుంది, అందులో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం టీచర్లుంటారు. హెడ్మాస్టరు గారికి చెప్పి ఆ టీచరుని కలవండి. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుణ్ని, గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయాన్ని అడిగే హక్కు ఉంది. మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు వస్తాయి. కానీ సహాయకుణ్ని పరీక్ష రోజు ఉదయం పరిచయం చేస్తే ఏం లాభం? ముందు నెల రోజులు ఇద్దరినీ కూర్చోబెట్టి, తను చెబుతుంటే అవతలి పిల్ల రాయడం అలవాటు చేయించండి. లెక్కల్లో భిన్నాలు ఎలా చెప్పాలి, బొమ్మ ఎలా గీయించాలి అన్నవి అప్పుడే తేలతాయి. మా షాపులో కటింగ్ బల్ల మీదే ఆ నెల గడిచింది. మామూలు బడి కుదరనివాళ్లకి విశాఖలో జీయర్ ఎడ్యుకేషనల్ ట్రస్ట్ వారి నేత్ర విద్యాలయ, హైదరాబాద్‌లో 1991లో డాక్టర్ సాయిబాబా గౌడ్ గారు పెట్టిన దేవ్‌నార్ అంధుల పాఠశాల ఉన్నాయి. హాస్టలుకి పంపే ముందు పిల్లని వెంట తీసుకెళ్లి చూపించండి.

ఆండ్రాయిడ్ ఫోనులో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది, కొనక్కర్లేదు. చాలా ఫోన్లలో వాల్యూమ్ బటన్లు రెండూ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే మొదలవుతుంది. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కంప్యూటర్‌కి అదే పని చేసే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కర్రన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు. పుస్తకాలకి, అచ్చు చదవలేనివాళ్ల కోసం 2016లో వచ్చిన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ లైబ్రరీలో చేర్పించండి.

బ్రెయిలీ విషయంలో నా పని నాకు కలిసొచ్చింది. చూపు ఇంకా ఉండగానే నేర్చుకోమన్నారు, అదే మంచిది. దళసరి గుడ్డ మీద షర్టు బొత్తాలు ఆరు కుట్టాను: ఎడమ వరసలో పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, కుడి వరసలో నాలుగు, అయిదు, ఆరు. ‘క’కి ఒకటి, మూడు. ‘మ’కి ఒకటి, మూడు, నాలుగు. ‘ల’కి ఒకటి, రెండు, మూడు. అక్షరానికి ఒక గుడ్డముక్క, అక్కర్లేని బొత్తాలు కుట్టకుండా వదిలేయడమే. మూడు ముక్కలు వరసగా పెడితే వేళ్లతో తడిమి “కమల” అంది. అది వాళ్ల నానమ్మ పేరు. పెద్ద బొత్తాల మీద వేళ్లు అలవాటయ్యాక అసలు బ్రెయిలీ చుక్కల మీదికి వెళ్లింది.

ఇంట్లో ఇంకొకరికీ సాయం కావాలి, పిల్ల తల్లికి. మాది మేనరికం. “మీరే చేసుకున్నారు” అని చుట్టాలు అన్నప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది. డాక్టరు గారు విడమరిచి చెప్పారు: మా అమ్మాయి విషయంలో లోపమున్న జన్యువు మా ఇద్దరిలోనూ ఉంది, మాకు ఏ లక్షణమూ లేదు, అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇందులో ఒకరి తప్పంటూ లేదు. తల్లిని కూడా కౌన్సిలింగ్‌కి వెంట తీసుకెళ్లండి. తోడబుట్టినవాళ్ల కళ్లు కూడా పరీక్ష చేయించండి, మా చిన్నోడికి ఏమీ లేదని తెలిశాకే ఆమె కడుపునిండా తింది.

కర్ర ఆఖరున వచ్చింది, ఎందుకంటే అమ్మాయి ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. “అందరికీ తెలిసిపోద్ది నాన్నా” అనేది. బలవంతపెట్టలేదు. ఇంటర్లో ఒక రాత్రి కాలవలో పడ్డాక తనే అడిగింది. పొడవు నేల నుంచి రొమ్ము ఎముక దాకా ఉండాలి, టేపుతో కొలిస్తే మా అమ్మాయికి 44 అంగుళాలు వచ్చింది. ఎడమ కాలు వేసేటప్పుడు కర్ర కుడివైపు, కుడి కాలు వేసేటప్పుడు ఎడమవైపు తాకాలి. ముందు ఇంటి వరండాలో, తర్వాత వీధిలో, తర్వాత షాపు నుంచి బస్టాండు దాకా. మొదటి రోజుల్లో నేను ఇరవై అడుగుల వెనక నడిచేవాణ్ని, తనకి చెప్పకుండా. మూడో వారం మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది: “నాన్నా, నీ సెప్పుల సప్పుడు ఇనపడతంది. ఎల్లి మిషను కాడ కూకో, నాను ఎల్తాను.”