మామిడి సొన పోయేదాకా కడగండి

ఉలవపాడు నుంచి బంగినపల్లి కాయలు తెచ్చి మాగవేశాం. మా చిన్నవాడు ఒక పండును తొక్కతోనే కొరికేశాడు. రెండో రోజుకు మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు, ఒకటే దురద. కారణం సొన. అందులోనూ తొక్కలోనూ చర్మానికి పడని పదార్థాలుంటాయి.

ఇప్పుడు మాగవేసే ముందే తొడిమ తుంచి, కాయను తలకిందులుగా పెట్టి సొన కారనిస్తాను. ఆరిన సొన నల్లటి చారలా అంటుకుని ఉంటుంది. ఊరికే ముంచితే పోదు, కుళాయి కింద వేళ్లతో రుద్దాలి, తొడిమ గుంటలో మరీ ముఖ్యంగా. తినేముందు మళ్లీ కడిగి తొక్క మందంగా తీయండి. పండుకు సబ్బు వద్దు. చేతులకు, కత్తికి తప్పనిసరి.

గుజ్జే పడనివారికి ఎంత కడిగినా లాభం లేదు, తినకూడదు. నాలుక ఉబ్బినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి.