ద్రవ నైట్రోజన్ కంటైనర్‌ను ఎంచుకోవడం, జాగ్రత్తగా వాడుకోవడం ఎలా?

ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. కాబట్టి మామూలు గదిలో ఉంచిన కంటైనర్‌లో అది రాత్రీపగలూ కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. ఒక్క లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. ఆ వాయువు బయటికి పోయే దారి ఉందా, అది పోయిన చోట మనిషి పీల్చడానికి గాలి మిగులుతుందా? ముందు చూడాల్సింది ఈ రెండే. చలికి చర్మం దెబ్బతింటుందనే భయం అందరికీ ఉంటుంది కానీ, వీటిని పట్టించుకునేవాళ్లు తక్కువ.

అందుకే కొనేముందు గదిని కొలవండి. పొడవు 4, వెడల్పు 3, ఎత్తు 3 మీటర్లయితే లోపల 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 10 లీటర్ల ద్రవం ఒలికి పూర్తిగా ఆవిరైతే 7 ఘనపు మీటర్ల నైట్రోజన్ వస్తుంది. తలుపులు మూసి ఉంటే, 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ దాదాపు 17కి పడిపోతుంది. ఆక్సిజన్ మానిటర్లు సాధారణంగా 19.5 దగ్గరే మోగుతాయి. నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు. ఊపిరాడని టెన్షన్ కూడా తెలియదు, మనిషి ఉన్నట్టుండి కూలబడిపోతాడు. కాపాడదామని వెనకే లోపలికి పరుగెత్తినవాళ్లూ అలాగే పడిపోతారు. లెక్క ఇలా తేలితే చిన్న కంటైనర్ తీసుకోండి. పెద్దదే కావాలంటే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్, మానిటర్ పెట్టించండి.

ఇక కంటైనర్ సంగతి. అమ్మేవాళ్లు ఎన్ని లీటర్లు పడుతుందో ముందు చెబుతారు. మీరు మాత్రం రోజుకు తరుగు ఎంతో అడగండి. 10 లీటర్ల దానికి రోజుకు 0.2 లీటరు తరుగైతే 50 రోజులు వస్తుంది, అదీ మూత తీయకుండా ఉంచితేనే. మెడ సన్నగా ఉంటే తరుగు తక్కువ, కానీ లోపలి వస్తువులు తీయడం కష్టం. రోజూ తీసి పెట్టే పని ఉంటే వెడల్పు మెడే నయం. మూత వదులుగా కూర్చోవాలి, బిగుసుకోకూడదు. తాగునీటి థర్మాస్‌లో పోసి మూత బిగించడమంటే పేలుడుకు సిద్ధం చేసుకోవడమే.

పైపులు వేయిస్తుంటే, రెండు వాల్వుల మధ్య ద్రవం చిక్కుకునే ప్రతిచోటా, ఒత్తిడి పెరిగితే తనంతట తానే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ ఒకటి ఉండాలి. మామూలు ఇనుము ఈ చలికి పెళుసెక్కి పగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్, రాగి, ఇత్తడి అయితే ఫర్వాలేదు.

నింపేటప్పుడు ముఖానికి షీల్డ్, చేతికి విదిలిస్తే ఊడిపోయేంత వదులు గ్లోవ్స్ ఉండాలి. ప్యాంటు అంచు బూట్ల మీదుగా బయటికి ఉండాలి, లోపలికి దోపితే ఒలికిన ద్రవం బూట్లోనే నిలుస్తుంది. వెచ్చగా ఉన్న కంటైనర్‌లో మొదట కొంచెమే పోసి, బుసబుసలు తగ్గాక మిగతాది పోయండి. లిఫ్టులో పంపాలంటే కంటైనర్ ఒక్కటే వెళ్లాలి, మనిషి మెట్లెక్కాలి. చర్మం మీద పడితే రుద్దకండి, గోరువెచ్చని నీళ్లు పోస్తూ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిర్వహణకు తూకం మించిన పరికరం లేదు. ద్రవ నైట్రోజన్ లీటరు సుమారు 0.8 కిలోలు తూగుతుంది. వారానికోసారి ఒకే వేళకు తూచి నోట్‌బుక్‌లో రాయండి. వాడకం మారకుండా తరుగు రెట్టింపయిందంటే కంటైనర్ రెండు గోడల మధ్య బయటి వేడిని ఆపే వాక్యూమ్, అంటే గాలి లేని ఖాళీ, పోతున్నట్టే. కంటితోనూ పట్టుకోవచ్చు. నింపిన వెంటనే మెడ చుట్టూ తెల్లటి మంచు పట్టడం మామూలే, కాసేపటికి పోతుంది. కంటైనర్ ఒంటి మీద, ముఖ్యంగా పక్కల్లో, మంచు మచ్చలు కట్టినా చెమట పట్టినా అనుమానించాలి. మెడ లోపల మంచు పేరుకుంటే వాయువు దారి మూసుకుపోతుంది కాబట్టి మూత తీసినప్పుడల్లా ఒకసారి చూడండి.

వాక్యూమ్ పోయిందని తేలితే ద్రవాన్ని వేరే మంచి కంటైనర్‌లోకి మార్చండి. లేదంటే ఆరుబయట, మనుషులకు దూరంగా, మూత వదులుగానే ఉంచి దానంతటదే ఆవిరవనివ్వండి. వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్లవద్దు, తయారీదారు సర్వీసుకే పంపండి.