ఎడారిలో ప్యానెల్ ఇల్లు – మూడో పాఠం: అతుకులు

ముందు పోయిన పాఠం లెక్క. 15 చదరపు మీటర్ల గోడ, 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు ఇనుప రేకుల నడుమ పఫ్ అనే గట్టి నురుగు నింపిన పలక), బయటి రేకు 65 డిగ్రీలు, లోపలి రేకు 25. లోపలికి ఎంత వేడి వస్తుందని అడిగాను. పఫ్ వాహకత, అంటే వేడిని మోసే గుణం, 0.023. దాన్ని మందం 0.05తో భాగిస్తే 0.46. దాన్ని 15తో, ఆ తర్వాత తేడా 40తో గుణిస్తే 276 వాట్లు. పాతకాలం సీలింగ్ ఫ్యాన్లు నాలుగు తినే కరెంటు కంటే కొంచెం తక్కువ. 2,760 వచ్చినవాళ్లు మిల్లీమీటర్లను మీటర్లు చేసేటప్పుడు ఒక సున్నా ఎక్కువ పెట్టి 0.005 రాశారు, వెనక్కి వెళ్లి వెతుక్కోండి.

అంత తక్కువా అని మురిసిపోకండి. ఆ 276 ప్యానెల్ నడిమధ్యకు వర్తించే లెక్క. అంచుల దగ్గర జరిగేది వేరు. ఈ పాఠమంతా ఆ అంచుల గురించే.

మీది గుంటూరైతే ఒక పని చేయండి. మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీల్లో తెలిసినవాళ్లుంటే ఒకసారి వెళ్లి, బస్తాల జోలికి పోకుండా బయటి గోడలు మాత్రం చూసి రండి. ముఖ్యంగా మూలలు, తలుపు చుట్టూ, ప్యానెల్ ప్యానెల్ కలిసే చోట్లు. ఎక్కడైనా బయటి రేకు మీద చెమట పట్టినట్టు తడి కనిపిస్తే లోపలి చలి అక్కడి నుంచి జారిపోతున్నట్టే. ఎడారిలో కట్టబోయేదాన్ని షెడ్డు అనుకోవద్దు, మనుషులుండే కోల్డ్ స్టోరేజీ అనుకోండని మొదటి పాఠంలో చెప్పింది ఇందుకే.

దొంగదారి

ఇనుము వాహకత సుమారు 50. పఫ్‌ది 0.023. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే రెండు వేల రెట్లు పైమాటే. అంటే బయటి రేకునీ లోపలి రేకునీ కలుపుతూ ఒక్క మిల్లీమీటరు మందం ఇనుప పట్టీ ఉంటే, రెండు మీటర్ల వెడల్పు పఫ్ మోసేంత వేడిని ఆ పట్టీ ఒక్కటే మోసేస్తుంది. ఇది కాగితం మీది లెక్క. రేకులకు ఆనుకుని ఉండే గాలి పొర అడ్డుపడి నిజంలో ఇంకా తక్కువే వస్తుంది. అయినా పఫ్ పక్కన అది చాలా ఎక్కువే.

ఈ పట్టీ ఎక్కడి నుంచి వస్తుంది? మనమే పెడతాం. ప్యానెల్ అంచు నీట్‌గా కనపడాలని రెండు రేకులనూ కరుచుకునేలా యూ ఛానెల్ తొడుగుతాం. చూడ్డానికి బాగుంటుంది, వేడికి మాత్రం రాచబాట. కోల్డ్ స్టోరేజీ వాళ్లు అలా చేయరు. వాళ్ల ప్యానెల్ అంచుల్లో నాలుక, గాడి ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలోకి తోసి కామ్‌లాక్ తిప్పితే బిగుసుకుంటుంది. ఆ కామ్‌లాక్ కొక్కెం ఇనుపదే కానీ పఫ్ లోపలే దాక్కుంటుంది, రెండు రేకుల్లో దేన్నీ తాకదు. యూ ఛానెల్ తప్పనిసరైన చోట దాన్ని మధ్యకు కోసి రెండు ముక్కలుగా వాడండి, నడుమ నైలాన్ గానీ పీవీసీ గానీ పట్టీ పెట్టండి. ఆర్‌పార్ బోల్టు వేయాల్సి వస్తే నైలాన్ బోల్టు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: పాత షిప్పింగ్ కంటైనర్ కొనేస్తే పోదా? కంటైనర్ గోడ అంతా ఒకే ఇనుము, అంటే గోడ మొత్తం దొంగదారే. 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి దోహాలో 974 కంటైనర్లతో, తర్వాత విప్పేసేలా ఒక స్టేడియం కట్టారు, పేరు కూడా స్టేడియం 974. దానికి ఏసీ పెట్టలేదు, అందుకే అక్కడి మ్యాచ్‌లన్నీ సాయంత్రం దాటాకే జరిపారు. ఇంట్లో మధ్యాహ్నం పూట కూడా ఉండాలి కదా. కంటైనర్ కొంటే కొనండి, లోపల నాలుగు వైపులా, పైనా కిందా పఫ్ పట్టించే ఖర్చు ముందే లెక్కేసుకుని కొనండి.

డిసెంబరులో వచ్చిన ఫోన్

నేను మొదట చేసిన క్యాబిన్ సంగతి చెప్తాను. విజయవాడ ఆటోనగర్‌లో తయారుచేసి, ట్రైలర్ మీద జైసల్మేర్ వైపు ఒక సైటుకి పంపాం. పంపేముందు మే నెల ఎండలో నాలుగు రోజులు బయట నిలబెట్టాం. బ్లేజ్‌వాడ ఎండకు నిలబడ్డది ఎక్కడైనా నిలబడుతుందని మా ధీమా. వేసవి గడిచింది, వానాకాలం గడిచింది, ఫిర్యాదు లేదు. డిసెంబరులో మన నరసరావుపేట కుర్రాడే అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దుగూకితే డబ్బా టప్పుటప్పుమని అరుస్తోంది. తెల్లవారుజామున అతుకుల్లోంచి చలిగాలి కొడుతోంది, దుప్పట్లు చాలట్లేదు." ఆ తర్వాతి వేసవిలో ఇసుక తుపాను వచ్చినప్పుడు మంచాల మీద సన్నటి ఇసుక గీతలు. ఎండకని కట్టింది చలికి ఓడిపోయింది.

తప్పు ఎక్కడుందో లెక్క చూపిస్తాను. ఇనుము ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో 12 వంతులు సాగుతుంది. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: కాల్చి సాగదీసి చక్రానికి తొడుగుతారు, నీళ్లు పోయగానే అది కుంచించుకుని చెక్కను బిగించేస్తుంది. మా ప్యానెల్ ఆరు మీటర్లు. మేం అతుకుల్లో సీలెంట్ (సందు మూసే రబ్బరులాంటి ముద్ద) పట్టించింది మిట్టమధ్యాహ్నం, నీలం రంగు రేకు 70 డిగ్రీల మీదుంది. జైసల్మేర్ చలికాలం తెల్లవారుజామున అదే రేకు 5 డిగ్రీలకు దిగుతుంది. తేడా 65.

6,000 × 12 ÷ 10,00,000 × 65 = 4.68 మిల్లీమీటర్లు.

మేం వదిలిన సందు 6 మిల్లీమీటర్లు. రాత్రికి అది పది దాటింది. మామూలు మంచి సీలెంట్ తన వెడల్పులో పావు వంతు సాగగలదు, పావు వంతు నలగగలదు. మాది ముప్పావు వంతు సాగాల్సి వచ్చింది. చినిగింది.

ఇప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతి. రేకు ఏడాదిలో 5 నుంచి 75 దాకా తిరుగుతుందనుకోండి, మొత్తం కదలిక 5 మిల్లీమీటర్లు. మధ్యాహ్నం సీలెంట్ వేస్తే ఆ అయిదూ ఒకే వైపు సాగాలి, కాబట్టి 20 మిల్లీమీటర్ల సందు కావాలి. రేకు 40 దగ్గర ఉన్నప్పుడు వేస్తే రెండున్నర ఇటు, రెండున్నర అటు, 10 మిల్లీమీటర్ల సందు చాలు. రేకును ముట్టుకుంటే వెచ్చగా ఉండాలి, చెయ్యి కాలకూడదు. వేసవిలో ఎండ ముదరకముందే ఆ పని ముగించాలి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకూ ఎండలో పని నిషేధం ఎలాగూ ఉంది. మనిషికి పనికిరాని వేళ సీలెంట్‌కీ పనికిరాదు.

సందులో నేరుగా సీలెంట్ కుక్కేయకండి. ముందు బ్యాకర్ రాడ్ (స్పాంజి తాడులాంటిది) దూర్చి, దాని మీద సందు వెడల్పులో సగం లోతుకే సీలెంట్ వేయండి. అడుగున కూడా అతుక్కుంటే అది సాగలేక చినుగుతుంది.

స్క్రూల సంగతి కూడా ఇంతే. ప్యానెల్‌కి ఒక చివర గుండ్రటి రంధ్రాలు, రెండో చివర ప్యానెల్ పొడవు వెంబడి సాగిన కోల రంధ్రాలు. రెండు చివరలూ బిగిస్తే ఆ టప్పుటప్పు శబ్దం ఎక్కడిదో మీకే తెలుస్తుంది.

ప్యానెల్ వంగడం

ఇది చాలామంది ఫ్యాబ్రికేటర్లకు తెలియదు, నాకూ ఆలస్యంగానే తెలిసింది. బయటి రేకు 65, లోపల ఏసీ వల్ల 25. బయటిది సాగింది, లోపలిది సాగలేదు, నడుమ పఫ్ రెండింటినీ పట్టుకుంది. అప్పుడు ప్యానెల్ ఎండవైపు పొట్టలా ఉబ్బుతుంది. 2.6 మీటర్ల ఎత్తు గోడ, 50 మిల్లీమీటర్ల మందం అయితే మధ్యలో 8 మిల్లీమీటర్ల దాకా. 75 మిల్లీమీటర్ల ప్యానెల్ వాడితే అయిదున్నరకు తగ్గుతుంది. పడమటి గోడలో తలుపు పెట్టి, మధ్యాహ్నం పట్టేస్తోందని వడ్రంగిని తిట్టేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఆటోనగర్‌లో మా క్యాబిన్‌కి ఏసీ వేయలేదు, తలుపులు బార్లా తెరిచి పెట్టాం, రెండు రేకుల మధ్య తేడా తక్కువ. అందుకే ఆ నాలుగు రోజుల పరీక్షలో ఏమీ బయటపడలేదు. పరీక్ష అంటే లోపల ఏసీ 24లో నడవాలి, బయట ఎండ కాయాలి.

తెల్ల రంగు వేస్తే రేకు వేడి చాలా తగ్గుతుంది, దాంతో సాగుడూ వంపూ రెండూ తగ్గుతాయి. కస్టమర్ నీలం అడిగినా ఒప్పించండి.

రెండు పెట్టెలు కలిసే చోటు

రెండు మాడ్యూళ్లు వియ్యంకుల్లా ఉండాలి: పక్కపక్కనే, కాస్త ఎడంగా. బోల్టులు ఫ్రేముల మధ్యే, ప్యానెళ్ల మధ్య కాదు. సందులో నొక్కుడు గ్యాస్కెట్, పైన టోపీలా ఫ్లాషింగ్ (సందును కప్పే రేకు పట్టీ). ఫ్లాషింగ్‌ని ఒక పెట్టెకే బిగించి, రెండో పెట్టె మీద ఊరికే ఆననివ్వండి. ఆటోనగర్‌లోనే సీలెంట్ పూర్తి చేసి పంపాలనిపిస్తుంది, ఆగండి. క్రేన్ ఎత్తినప్పుడు, దారిలో గుంతల్లో పెట్టె మెలితిరుగుతుంది. ఆఖరి సీలెంట్ సైటులో, పునాది మీద లెవెల్ చూశాకే.

ఇసుక విషయం త్వరగా. స్లైడింగ్ కిటికీలు వద్దు, పట్టాల్లో ఇసుక నిండితే కదలవు. రెక్క కిటికీ, చుట్టూ రబ్బరు గ్యాస్కెట్.

ఎడారంటే అంతా పొడి అనుకోకండి. దుబాయ్, దోహా సముద్రం పక్కన ఉన్నాయి. ఆగస్టు రాత్రి అక్కడ ఏసీ కారు దిగితే కళ్లజోడు మసకబారుతుంది. అలాంటి చోట ఆవిరిని ఆపే సీలు ప్యానెల్ అతుకుకు బయటివైపు ఉండాలి, సరిగ్గా గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉన్నట్టు.

ఇంటి పని

ఒకటి, లెక్క. 12 మీటర్ల ప్యానెల్, తెల్ల రంగు, రేకు 5 నుంచి 55 డిగ్రీల మధ్య తిరుగుతుంది. రేకు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు సీలెంట్ వేస్తే సందు ఎంత వదలాలి?

రెండు, చేసి చూసేది. ఒకే సైజు థర్మకోల్ పెట్టెలు రెండు తీసుకోండి. ఒకదానికి నాలుగు గోడల్లోనూ కలిపి ముప్పై పొడుగు మేకులు ఆర్‌పార్ గుచ్చండి. రెండింట్లో రెండేసి కిలోల ఐసు వేసి, మూతలకు టేపు వేసి, నీడలో పక్కపక్కన మూడు గంటలు ఉంచండి. తర్వాత కరిగిన నీళ్లు వేర్వేరుగా కొలిచి రాసుకోండి. నాలుగో పాఠం ఆ రెండు అంకెలతోనే మొదలవుతుంది.